సోడా నీళ్లలో చల్ల చిలికే బొమ్మ

బెజవాడ మొత్తమ్మీద బొటనవేలంత సీసపు సైనికులకు రంగులేసుకునే పెద్దమనిషిని నేనొక్కణ్ణేనని అప్పట్లో నాకు మహా గర్వంగా ఉండేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. ఆఫీసు ట్రైనింగుకని బెంగళూరు వెళ్లాను. అక్కడ కొందరు బల్ల మీద ఈ బొమ్మల సైన్యాల్ని మోహరించి, పాచికలు వేసి యుద్ధాలాడుతుంటే చూసి మనసు పారేసుకుని, ఓ పెట్టెడు కొనుక్కొచ్చాను. ఊళ్లో నాతో ఆడేవాడు ఒక్కడూ దొరకలేదు. రెండు సైన్యాలకీ నేనే సేనాధిపతిని. అయినా ఓడిపోయేవాణ్ణి.

బొమ్మలకు ముందుగా పూసే ప్రైమరు కోసం ఆటోనగర్ వెళితే కొట్టాయన, "ఏ బండికండీ?" అన్నాడు. జేబులోంచి సైనికుణ్ణి తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి లీటరు డబ్బా ఎందుకండీ బాబూ, ఇలా ఇవ్వండి, ఓ చుక్క పూసి పంపిస్తా" అన్నాడు. నాకు రోషం వచ్చి లీటరు డబ్బాయే కొన్నాను. అదింకా మా అటక మీదే ఉంది.

ఏ దేశపు పటాలానికి కోటు మడత ఏ రంగో, బొత్తాలెన్నో, రెండొందల ఏళ్ల కిందటి సంగతులన్నీ నాకు కంఠతా. ఆ ధ్యాసలో పడి అమ్మ పెట్టిన కాఫీలో బ్రష్షు కడిగిన రోజులున్నాయి. కాఫీ అనుకుని రంగునీళ్లు తాగిన రోజులూ ఉన్నాయి.

ఓ ఏడు దసరా దగ్గర పడుతుండగా అమ్మ ఒక బొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఏరా, ఆ సిపాయిలకి అన్ని సోకులు చేస్తావు కదా, దీని చీరంచు కాస్త దిద్దిపెట్టవూ? పాడ్యమి నాటికి మెట్టెక్కించాలి."

అది చల్ల చిలికే కొండపల్లి బొమ్మ. అమ్మ కాపురానికొచ్చిన మొదటి ఏడు బొమ్మల కొలువు పెట్టుకోమని అమ్మమ్మ ఇచ్చింది. అమ్మమ్మ పోయాక ఆవిడ గుర్తుగా అమ్మకు మిగిలింది అదొక్కటే. ఏటా కొలువులో పైమెట్టు దానిదే.

అంచు దిద్దమంది, అంతే. అంచు దిద్ది ఊరుకుంటే నా విద్య ఏమైపోవాలి? పాత రంగంతా ఊడ్చేశాకే కొత్తది వేయాలన్నది మా సైనిక శాస్త్రం. సీసపు సిపాయిల్ని బకెట్లో చాకలిసోడా కలిపిన వేడినీళ్లలో నానబెడితే తళతళలాడుతూ బయటికొస్తారు. బొమ్మనూ అదే బకెట్లో ముంచి, మూత పెట్టి, ఈల వేసుకుంటూ ఆఫీసుకు వెళ్లాను.

సాయంత్రం వచ్చి మూత తీశాను. కొండపల్లి బొమ్మ ఒకే చెక్క కాదు. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతపిక్కల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ సంగతి కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్లందరికీ తెలుసు, నాకు తప్ప. ఒంటి మీద రంగన్నది లేకుండా చేతులొకచోట, కుండొకచోట, కవ్వమొకచోట తేలుతున్నాయి.

"ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లేగా అమ్మా, రేపే వెళ్లి కొత్తది తెస్తాను" అన్నాను.

"కొత్తది కొనుక్కోలేకట్రా నిన్నడిగింది?" అంది అమ్మ.

ముక్కలు ఆరబెట్టి, జిగురుతో అతికించేసరికి మూడు రోజులు పట్టింది. ఒక చెయ్యి కాస్త పైకి పోయింది. అమ్మ నా ఎదురుగా కూర్చుని, "ఊఁ, ఇక రంగులెయ్యి" అంది. బ్రష్షు తీసుకున్నాను. ఆగిపోయాను. చీర ఏ రంగు? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి దసరాకూ తొమ్మిది రోజులు నా కళ్లెదుట ఉన్న బొమ్మ!

"ఎరుపు కదమ్మా?"

అమ్మ అడ్డంగా తలూపింది.

"పోనీ, నీలమా?"

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "విరిగితే అతుక్కుంటుంది లేరా. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారైనా చూడలేదా నువ్వు?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

నా చేతిలో బ్రష్షు లాక్కుంది. "పసుపు చీర. ఆకుపచ్చంచు. అంచు మీద తెల్లచుక్కలు. మా అమ్మ తన పెళ్లిచీర కొండపల్లి పట్టుకెళ్లి, చూపించి మరీ వేయించింది" అంటూ చీరా, అంచూ తనే వేసింది. గీత దాటింది, వంకర్లు పోయింది. మా శాస్త్రం ప్రకారం సున్నా మార్కులు. నేను నోరు మూసుకుని చుక్కలు పెట్టాను.

పాడ్యమి నాడు బొమ్మ పైమెట్టెక్కింది. పేరంటానికొచ్చిన పక్కింటావిడ, "చెయ్యి అలా పైకి పోయిందేంటండీ?" అని అడిగింది. "ఇన్నేళ్లు చిలికింది కదండీ, పట్టేసుంటుంది" అని అమ్మ ఆవిడ చేతిలో శనగలు పెట్టింది. నేను గుమ్మం అవతలే నిలబడి విన్నాను.

ఏ పటాలం కోటుకు ఎన్ని బొత్తాలో ఇప్పుడడిగినా తడుముకోకుండా చెబుతాను. ఆ రోజు బ్రష్షు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్న అమ్మ ఏ రంగు చీర కట్టుకుందో మాత్రం, ఎంత కొట్టుకున్నా గుర్తు రావడం లేదు.