మాత్రలు ఆపమన్నవాళ్లు

పోయిన బుధవారం ఉదయం మా పెద్దమ్మ చనిపోయింది. వణుకు రోగంతో పోయిందని అర్ధవీడులో అందరూ అంటున్నారు. కాదు. పార్కిన్సన్స్ ఉన్నా ఆమె ఇంకా బతికేది.

ఆమె గొర్రెల మనిషి. ఎవరి దొడ్లో గొర్రె ఈనలేక కష్టపడుతున్నా ఆమెకే కబురొచ్చేది. మోచేతి దాకా నూనె రాసుకుని, కళ్లు మూసుకుని, లోపల అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి తీసేది. పక్కన నేను కంగారుపడితే, "చేతికి తొందర నేర్పగూడదు పాపా, తల్లికి తెలిసిపోతాది" అనేది. నెత్తురు చూసి భయపడకుండా నిలబడటం నాకు నేర్పింది ఆమే.

ఆ చెయ్యే మొదట వణికింది.

మార్కాపురంలో ప్రభుత్వ డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. వణుకు పూర్తిగా పోలేదు గానీ తన అన్నం తాను తినేది, మంద వెనక నడిచేది. గడియారం చూడటం రాదు కనుక కంభం బస్సు హారన్ వినపడగానే మాత్ర వేసుకునేది. బస్సు ఆలస్యమైతే డ్రైవరును తిట్టేది.

పాడు చేసింది నేను. ఫోన్లో ఒక వీడియో చూశాను. కుర్చీలోంచి లేవలేని పెద్దాయన స్టెమ్ సెల్స్ అనే కొత్త కణాలు ఎక్కించుకుని మెట్లెక్కుతున్నాడు. ఆమెకు చూపించాను.

"నువ్వు టీచరువి. నువ్వు బాగుందంటే బాగున్నట్టే" అంది.

గొర్రెల్లో సగం అమ్మి హైదరాబాదు పోయాం. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఆమె తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, ఏదో చేసి, మళ్లీ సూదితో ఎక్కించాడు. "కొత్త కణాలు కుదురుకోవాలి, పాత మాత్రలు ఆపేయండి" అన్నాడు. ప్రతిదీ ఎందుకని అడగండని పిల్లలకు చెప్పే నేను ఆ మాట బుద్ధిగా కాగితం మీద రాసుకున్నాను.

మాత్రలు ఆపి ఊరికొచ్చిన నాలుగో రోజుకు ఆమె కట్టెలా బిగుసుకుపోయింది. మింగుడు పడటం లేదు. "బస్సు పోయినాది పాపా, మాత్రియ్యి" అని పళ్ల సందు నుంచి అడిగింది. నేను ఇవ్వలేదు. హైదరాబాదు ఆస్పత్రికి ఫోన్ చేస్తే, "కణాలు పనిచేస్తున్నట్టే, ఓపిక పట్టండి" అన్నారు.

మార్కాపురం తీసుకెళ్లేసరికి మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది. డాక్టరు నా మీద అరిచాడు.

"ఈ జబ్బుకు స్టెమ్ సెల్స్ మీద పరిశోధన నిజంగానే జరుగుతా ఉందమ్మా. పద్ధతిగా పరీక్షించేవాళ్లు దానికి రోగి దగ్గర పైసా తీసుకోరు. వీళ్లు ఎక్కించింది ఏందో వీళ్లకే తెలీదు. మాత్ర ఎట్ల ఆపినారు?"

మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. అప్పటికే ఆలస్యమైంది.

ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు నా ఫోన్ మోగింది. ఆ హైదరాబాదు ఆస్పత్రి నుంచి ఒక అమ్మాయి. తియ్యటి గొంతు.

"మేడం, అమ్మగారు ఇప్పుడెలా నడుస్తున్నారు? చిన్న వీడియో పంపిస్తే మా పేజీలో పెడతాం."

తిట్టాలని నోరు తెరిచాను. గడపలో మా అమ్మ కూలబడి, "అక్కా, అక్కా" అని పిలిచి పిలిచి ఏడుస్తోంది. ఫోన్ ఆమె వైపు పట్టుకున్నాను.

అవతలి అమ్మాయి రెండుసార్లు హలో అంది. ఆ ఏడుపు వింటూ కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.