కరెంటు ఊర్లె కొవ్వొత్తుల ట్రైనింగ్

పాల్వంచల ఎక్కడ ఫ్రీ ట్రైనింగ్ పెట్టినా మొదటి కుర్చీల కూసునేది షాలేమ్‌రాజే. దేనికి ట్రైనింగ్ అని అడగడు. అన్నం పెడతరా అని గూడ అడగడు. అది వాసన చూసి తెలుసుకుంటడు.

రెండువేల అయిదో ఆరో అప్పుడు. దేశం జోరుగ పెరుగుతుందని టీవీలోళ్లు రోజూ చెప్పేది. ఆ పెరుగుడు పాల్వంచకు ఉద్యోగాలుగ రాలే, ట్రైనింగులుగ వచ్చింది. ట్రైనింగ్ అయినంక అందర్నీ నిలబెట్టి నవ్వమని ఫోటో తీసేటోళ్లు. ఆ ఫోటో హైదరాబాద్ పోయేది. అక్కడ నిరుద్యోగం తగ్గేది.

షాలేమ్‌రాజు పుట్టగొడుగుల పెంపకం నేర్చిండు. మంచం కింద పెంచితే మంచిగనే మొలిచినయ్. తినే ధైర్యం ఎవ్వలకు రాలే. భార్య జోజమ్మ కోళ్లు గూడ దూరంకెళ్లి చూసి మర్లిపోయినయ్. తేనెటీగల పెంపకం నేర్చిండు. పెట్టె తెరవంగనే ఈగలన్నీ లేచి ఈయన మూతి కుట్టి అడివి దిక్కు పోయినయ్. "పోనీ, వాటికన్నా అక్కడ పని దొరికింది" అన్నడు, వాచిన మూతితోటి.

కొవ్వొత్తులది ఇంకో తమాషా. కిటికీలకెళ్లి చూస్తే పవర్‌హౌస్ గొట్టాలు పొగ ఇడుస్తున్నయ్. ఊర్లన్నిటికి కరెంటు పంపే చోట, కరెంటు పోయిన గదిల, కొవ్వొత్తులు ఎట్ల పొయ్యాల్నో చెప్తున్నరు. పెద్దసారొకాయన వచ్చి, "ఉద్యోగాలు అడగడం మానండి. మీరే పదిమందికి ఉద్యోగాలివ్వండి" అన్నడు.

షాలేమ్‌రాజు లేచిండు. "ఇస్తం సార్. మరి మీరేం చేస్తరు?"

సార్ నీళ్లు తాగిండు.

"నలభై దాటినయ్, నిరుద్యోగ యువతల ఎట్ల కూసుంటవయ్యా?" అని జోజమ్మ అడిగితే, "ఉద్యోగం వచ్చేదాకా యువకుణ్ణే గద జోజీ" అంటడు.

ఆమెకు నవ్వు రాకపోయేది. పవర్‌హౌస్ క్వార్టర్లల అంట్లు తోమి ఇల్లు నడిపేది ఆమెనాయె. తమ్ముడు జకర్యాను బతిమాలి బతిమాలి పవర్‌హౌస్‌ల మొగునికి కాంట్రాక్టు పని మాట్లాడిపించింది.

"అక్కా, సోమారం మధ్యాహ్నం షిఫ్టుకు బావను గేటు కాడికి పంపు. రాకపోతే ఆ చోట్ల ఇంకొకడు ఎక్కుతడు. మళ్ల నన్ను అడగొద్దు" అన్నడు జకర్యా.

సోమారం పొద్దుగాల పోయిన మనిషి పన్నెండైనా రాలే. జోజమ్మ చెప్పులు గూడ ఏసుకోకుండ ఎతుక్కుంట పోయింది. కుట్టు ట్రైనింగ్‌ల దొరికిండు. ఆడపిల్లల నడుమ, మీసం మెలేసుకోని, జాకెట్టుకు చెయ్యి కుడుతున్నడు.

"లే. షిఫ్టు టైమైతుంది."

"లేవరాదు జోజీ."

"ఏంది, కాళ్లు పడిపోయినయా?"

"తలలు లెక్కవెట్ట సార్ వస్తుండు. ఒక్క తల తక్కువైనా బ్యాచ్ రద్దు."

పక్కన కూసున్న పూలి సూది ఆపింది. చర్ల అవతలి అడివి ఊరి పిల్ల. ట్రైనింగ్ అయితే కుట్టుమిషన్ చేతికొస్తది. కాకపోతే మళ్ల మిరపతోటల్ల కాయ ఏరుడే.

"అన్న మాకోసమే కూసున్నడు వదినా. ఎక్కడ ఒక తల తక్కువున్నా ఈయనకే కబురు పెడతరంట. పుట్టగొడుగులకు గట్లనే పోయిండంట, తేనెటీగలకు గట్లనే."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నేర్పే మేడమే చెప్పింది."

జోజమ్మ మొగుని దిక్కు చూసింది. "ఆ ముక్క నాకు చెప్తే ఏం పోయింది?"

"చెప్తే మంచోడనుకుంటవ్. మంచోనికి ఇంట్ల పనులు ఎక్కువ చెప్తరు."

ఆమె జాకెట్టు గుంజుకోని, ఆయన్ని జబ్బ పట్టి లేపి, ఆ కుర్చీల తనే కూసుంది. "మేడమ్, మీకు కావాల్సింది తలనా, మీసమా?"

"తలే అమ్మా."

"అయితే ఇది రాసుకోండి. ఆ తలకంటే జర పనిచేస్తది. అంట్లు పొద్దుమూకినంక తోముకుంట."

షాలేమ్‌రాజు పవర్‌హౌస్ గేటు దిక్కు నడిచిండు. నాలుగడుగులేసి మళ్ల వచ్చి తలుపుల నిలబడ్డడు.

"జోజీ, జాకెట్టు పైలం. సగం అయింది."

ఆమె ఎత్తి చూసింది. రెండు చేతులూ ఒక్క దిక్కే కుట్టి ఉన్నయ్.

"పోవయ్యా, జల్దీ పో" అంది.

పూలి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. జోజమ్మ దారం పళ్లతోటి తెంపి, ఒక్కొక్క కుట్టు విప్పుడు మొదలువెట్టింది.