టోర్కిల్ తెచ్చే తడి గడ్డ

మా దీవిలో టోర్కిల్ కష్టపడి సాధించిన మొదటి విజయం చేప కాదు, పొట్టేలు కాదు. సాయంత్రానికి మేం వాడే గేలిక్ మాట ‘ఫెస్కర్’ రోమ్ సన్యాసుల లాటిన్ నుంచి వచ్చిందని మా పాస్టరు గారి చేత ఒప్పించడం. మూడు శీతాకాలాలు పట్టింది. “సాయంత్రం కూడా వాళ్లదేనా! ఇంక మనకు మిగిలిందేమిటయ్యా?” అని ఆయన ఆ ఆదివారం ప్రసంగం సగంలోనే ముగించారు.

అప్పటినుంచి ఎవరు ఫెస్కర్ అని పలకరించినా టోర్కిల్‌కు చిక్కినట్టే. “లాటిన్‌లో అది వెస్పర్. ‘వ’ మన నోట్లో ‘ఫ’ అయింది, ‘ప’ గొంతులోకి జారి ‘క’ అయింది. పైగా పుంలింగం!” గొర్రెలు విసిగి వాటంతటవే ఇళ్లకు పోయేవి. మా ఫెస్కర్ మధ్యాహ్న భోజనం కాగానే మొదలవుతుంది గనక, అతన్ని తప్పించుకునే పూట పొద్దుటిపూట ఒక్కటే.

భర్త పడవతో సహా సముద్రంలో కలిసిపోయాక, మా పొరుగింటి మార్సలి ఇల్లమ్మేసి గ్లాస్గోలో చెల్లెలి దగ్గరికి పోతానని నాతో అంది, టోర్కిల్ కూడా అక్కడే ఉన్నాడు. “పగలు ఎలాగో గడిచిపోతుంది పెద్దయ్యా. కిటికీలో వెలుగు మసకబారుతుంటేనే నావల్ల కావడం లేదు.”

మర్నాటి నుంచి టోర్కిల్ చంకలో పీట్ గడ్డతో ఆమె గుమ్మంలో తయారు. బాడవలో నల్లమట్టిని కోసి, ఎండబెట్టి పొయ్యిలో వేసుకునే గడ్డ అది. పొరుగింటికి వెళ్తూ ఒకటి పట్టుకెళ్లడం మా మర్యాద. అది బూడిదయ్యేదాకా లేవకపోవడం అతని సొంత మర్యాద. అతని గడ్డ ఎప్పుడూ తడిదే.

“పుంలింగమా?” పొగకు కళ్లు తుడుచుకుంటూ అనేది మార్సలి. “అందుకే పిలవకుండా వస్తుంది, పొమ్మన్నా పోదు!”

“అది వ్యాకరణం కాదమ్మా.”

“కాదు, నువ్వే!”

నీలిపొగలో ఇల్లంతా మెల్లగా తేలుతున్నట్టుండేది. కిటికీ అవతల సముద్రం ఎప్పుడు వెండిరంగు విడిచిందో, ఎప్పుడు నిద్రపోయిందో ఇద్దరూ గమనించేవారు కాదు.

పీట్ కోతలో దీవి మొత్తానికి నాలుగుసార్లు మొదటి బహుమతి కొట్టినవాణ్ని. ఆ తడిగడ్డలు చూడలేక, ఆరబెట్టడం నేర్పుదామని టోర్కిల్ ఇంటికి వెళ్లాను. అతని కుప్ప నా కుప్ప కన్నా పొడిగా ఉంది, వేలితో కొడితే ఖణేల్‌మంది. పక్కన నీళ్ల బకెట్లో ఒక్క గడ్డ నానుతోంది.

“ఇదేంట్రా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఎండుగడ్డ తొందరగా కాలిపోతుంది పెద్దయ్యా. చీకటి పడేదాకా ఆగదు. మార్సలికి చెప్పకు.”

చెప్పలేదు. మార్సలి ఇల్లూ అమ్మలేదు.

ఇప్పుడు టోర్కిల్ మోకాలి ఆపరేషన్‌కు అవతలి ఒడ్డుకు వెళ్లాడు. నిన్న ఆమె గేటు దగ్గర “మంచి ఫెస్కర్, మార్సలీ” అన్నాను.

“ఆ మాట ఎక్కడిదో తెలుసా పెద్దయ్యా?”

నా గొర్రెలు ఇంటికి పోయాయి. ఆమె గుమ్మం పక్కన బకెట్లో ఒక గడ్డ నానుతోంది.

“ఇదేంటమ్మా?”

“చాలా దూరం నుంచి వస్తున్నాడు కదా,” అంది నవ్వాపుకుంటూ. “వెంటనే లేచి వెళ్లిపోకుండా.”

టోర్కిల్ మార్చి పద్నాలుగున, ఫెస్కర్ పడవలో దిగుతాడు.