రెండో మంట

ఎవరూ మునిగిపోకుండా చూడడం గెర్లిండె హాస్లింగర్ ఉద్యోగం. వియన్నాలో నగరపాలక సంస్థ నడిపే ఒక ఈతకొలను గట్టు మీద, మెడలో ఈల తగిలించుకుని, పరిగెత్తే పిల్లల్ని కసురుకుంటూ వయసంతా గడిపేసింది. ఈదేవాళ్ళు హాయిగా ఈదేవాళ్ళు. ఈవిడ మాత్రం నీళ్ళలో తలలు లెక్కపెట్టుకుంటూ నిలబడేది. సెలవులకి సముద్రానికి వెళ్ళినా అదే వరస. మొగుడు కుర్ట్ కొన్నేళ్ళు ఓర్చుకుని, చివరికి తలలు లెక్కపెట్టని మనిషిని వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఉద్యోగ విరమణ అయ్యేసరికి లెక్కపెట్టుకోవడానికి ఆమెకి ఒక్క తల మిగిలింది. అది ఎదురు వాటాలో ఉండే హెర్మీనె పొకోర్నీ గారిది.

పొకోర్నీ గారికి ఎనభై దాటాయి. నాటకశాలలో ప్రాంప్టరుగా చేశారు. వేదిక అంచున గూట్లో కూర్చుని, పేరుమోసిన నటులు మరిచిపోయిన మాటల్ని గుసగుసగా అందించడం ఆవిడ పని. "ఎంతెంత రాజులకైనా నేను నోరు విప్పితేనే నోరు పెగిలేది" అని ఇప్పటికీ గొప్పలు పోతారు. అందం గురించి ఎవరైనా పొగిడితే నవ్వేస్తారు, తెలివి గురించి పొగిడితే భుజాలెగరేస్తారు. జ్ఞాపకశక్తి జోలికి మాత్రం ఎవరూ రాకూడదు. గెర్లిండె ఆ ఇంట్లో దిగిన రోజున ఏ రంగు కోటు వేసుకుందో గెర్లిండెకే గుర్తు లేదు. ఆవిడకి ఆ కోటుకి ఊడిపోయిన గుండీ కూడా గుర్తుంది.

అప్పటినుంచీ ఇప్పటికి ముప్పై ఏళ్ళు. ఒకరి తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది. జ్వరమొస్తే సూపు గిన్నె ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి వెళ్తుంది. అయినా ఇద్దరూ 'మీరు' దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. వియన్నా మనుషులు అంతే, తాళంచెవి ఇచ్చేస్తారు గానీ 'నువ్వు' ఇవ్వరు. ఆ మాట పెద్దవాళ్ళు తమ పేరు చెప్పి ఇవ్వాలి, చిన్నవాళ్ళు అడగకూడదు. పొకోర్నీ గారు ఇవ్వలేదు, హాస్లింగర్ గారు అడగలేదు.

డిసెంబరు వస్తే మాత్రం ఇద్దరూ జంటగా క్రిస్మస్ సంతలు తిరుగుతారు. శనివారానికి ఒక సంత. సంతకి సారా కలిపి కాచిన వేడి పంచ్ ఒక కప్పు, ఇద్దరికీ కలిపి ఒక పొట్లం కాల్చిన చెస్ట్‌నట్లు. కొనేది తక్కువ, వంకలు పెట్టేది ఎక్కువ. టౌన్ హాలు ముందు జరిగే పెద్ద సంతకి మాత్రం చచ్చినా వెళ్ళరు. అది టూరిస్టు బస్సుల్లోంచి దిగేవాళ్ళదని పొకోర్నీ గారి తీర్మానం.

అలాంటి మనిషి ఈ ఏడు ఒక శుక్రవారం తలుపు తట్టి, "రేపు సంతలన్నీ ఒక్కరోజే చుట్టేద్దామండీ, హాస్లింగర్ గారూ. టౌన్ హాలుది కూడా" అన్నారు.

"ఎందుకండీ అంత తొందర?"

"జనవరి నుంచి నేను ఆశ్రమంలో ఉంటాను కదా. అక్కడ మధ్యాహ్నం కాఫీ తాగాక అందరూ కిటికీ దగ్గర కూర్చుని పావురాల్ని చూస్తారట. నాకు పంచ్ ఎవరు పోస్తారు?"

గెర్లిండె నవ్వబోయి మానేసింది. పొకోర్నీ గారు వృద్ధాశ్రమానికి వెళ్ళడానికి కారణం తనే. ఆ సంగతి పొకోర్నీ గారికి తెలియదు.

జరిగింది ఇది. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో రెండోది. పొకోర్నీ గారు బల్ల మీద ఫర్ చెట్టు కొమ్మలతో అల్లిన పండగ చక్రం పెట్టుకుని, దాని మీది కొవ్వొత్తులు వెలిగించి, కుర్చీలోనే నిద్రపోయారు. ఒక కొవ్వొత్తి అడుగంటా కాలి రిబ్బనుకి అంటుకుంది. గెర్లిండె ముక్కుకి వాసన తగిలింది. తాళం తీసుకుని పరిగెత్తి, ఆ చక్రాన్ని చేతి తువ్వాలుతో పట్టుకుని వంటింటి తొట్టిలో పడేసి పంపు తిప్పింది. బల్లగుడ్డకి అరచేతంత చిల్లు పడింది, అంతకు మించి ఏమీ కాలేదు. పొకోర్నీ గారు తెల్లబోయి, "డాగ్మార్‌కి చెప్పకండి, హాస్లింగర్ గారూ" అన్నారు. చెప్పనని గెర్లిండె తల ఊపింది.

డాగ్మార్ ఆవిడ అన్న కూతురు, లింజ్‌లో ఉంటుంది. అత్త కోసం ఆశ్రమంలో చోటుకి ఎప్పుడో పేరు రాయించింది, అత్తే ససేమిరా అంటోంది. ఆ రాత్రి గెర్లిండెకి నిద్ర పట్టలేదు. మర్నాడు ఫోన్ చేసి మంట సంగతి డాగ్మార్ చెవిన వేసింది. డాగ్మార్ తేలిగ్గా తీసుకుంది. "ఎవరింట్లోనైనా ఒకసారి జరుగుతుందండీ. నేనూ ఓసారి అంటించాను" అని నవ్వింది. ఆ నవ్వుకి గెర్లిండెకి ఒళ్ళు మండింది. రోజూ పడుకోబోయే ముందు ఎదురింటి తలుపు సందులో ముక్కు పెట్టి గ్యాసు వాసన చూసేది తను. లింజ్‌లో కూర్చుని నవ్వేది ఈవిడ. నోటికి వచ్చేసింది.

"ఒకసారి కాదమ్మా. ఇది రెండోసారి."

రెండోసారి అనేది లేదు. డాగ్మార్ నవ్వు మాత్రం ఆగిపోయింది. రెండు రోజుల్లో రైలెక్కి వచ్చింది, తలుపు మూసుకుని అత్తతో మాట్లాడింది, ఎవరు చెప్పారో పేరు బయటపెట్టలేదు. ఇంతకాలం ససేమిరా అన్న మనిషి ఆ సాయంత్రమే సరేనన్నారు. ఎందుకంత తేలిగ్గా ఒప్పుకున్నారో గెర్లిండెకి అర్థం కాలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

శనివారం ముందు కార్ల్ చర్చి దగ్గరి సంతకి వెళ్ళారు. నీళ్ళు తీసేసిన చెరువులో గడ్డి పరిచి ఉంది, పిల్లలు అందులో పడి దొర్లుతున్నారు. పొకోర్నీ గారు మంచి హుషారుగా ఉన్నారు. గొర్రెతోలు చెప్పుల కొట్టు ముందు ఆగి, "ఈ చెప్పులు నాకంటే ముసలివండీ, ఏటా ఇవే పట్టుకొస్తాడు" అని కొట్టువాడికి వినపడేలా అన్నారు. కొట్టువాడు కూడా తక్కువవాడు కాదు. "ఏటా మీరూ ఇదే మాట పట్టుకొస్తారు కదమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. గెర్లిండె తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడింది.

"ఏంటండీ, ఇవాళ మాట్లాడరు?"

"చలి, పొకోర్నీ గారూ."

"మీ చలి సంగతి నాకు తెలుసు. నేను పోతున్నానని బెంగ." ఆవిడ గెర్లిండె చేతిని తన చంకలోకి లాక్కున్నారు. "డాగ్మార్ చెవి కొరికింది కింది వాటా ఆవిడే అయ్యుంటుంది. పుల్లలు పెట్టడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. మొన్న మెట్ల మీద పలకరిస్తే మొహం తిప్పుకుని వచ్చేశాను."

ఏ పాపమూ ఎరగని కింది వాటా ఆవిడకి ఈ నింద కూడా తన వల్లే. గెర్లిండె ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక అబద్ధమేనని ఆమెకి తెలుసు.

ష్పిటెల్‌బెర్గ్ సందుల్లోని సంతకి చేరేసరికి మసక చీకటి పడింది. అక్కడ సందు సందంతా కొట్లే, మనిషి భుజం మనిషికి రాసుకుంటుంది. ఒక మూల నిలబడి పంచ్ ఊదుకుంటూ తాగుతుంటే, పొకోర్నీ గారు ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నారు.

"చూడండీ, ముప్పై ఏళ్ళయింది. ఇంకా ఎవరి కోసం దాచుకుంటాను? నా పేరు హెర్మీనె."

గెర్లిండె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఆశపడిన కాలం ఉంది. వద్దనడానికి లేదు, పెద్దవాళ్ళు ఇస్తే తీసుకోవాలి. పైగా ఈ ఊళ్ళో ఒకసారి ఇచ్చిన 'నువ్వు' ఇచ్చినట్టే, దాన్ని వెనక్కి తీసుకోవడం కంటే పెద్ద తెగతెంపులు లేవు. తీసుకునే అర్హత తనకి లేదని తెలిసీ, "నేను గెర్లిండె" అంది. మోచేతులు మెలేసుకుని చెరో గుక్క తాగారు. ముసలావిడ ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది.

"ఇక నువ్వు అనేశాను కాబట్టి ఒకటి చెప్తాను, విను" అంది హెర్మీనె. గొంతు ప్రాంప్టరు గొంతంత సన్నగా అయిపోయింది. "రెండుసార్లు అంటించానట. ఆ ఆదివారం సంగతి నాకు గుర్తుంది. రెండోది గుర్తు లేదు. ఎంత తవ్వినా రావట్లేదు, గెర్లిండె. ఏ గదో, ఏ రోజో, ఆర్పింది ఎవరో, ఏదీ లేదు. చిల్లు కోసం ఇల్లంతా వెతికాను. మంట పెట్టి మర్చిపోయే మనిషి ఒంటరిగా ఉండకూడదు కదా. అందుకే సరేనన్నాను."

గెర్లిండె పంచ్ కప్పు పక్కన పెట్టేసింది.

"ఎదురుగా ఉండేది నువ్వే కదా. నీకేమైనా తెలుసా?"

"తెలీదు" అంది గెర్లిండె. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

టౌన్ హాలు దాకా నడిచే వెళ్ళారు. దారి పొడుగునా హెర్మీనె తనని తాను పరీక్ష పెట్టుకుంటూనే ఉంది. నాటకశాల గేటు కాపలావాడి పేరు, వాడి పెళ్ళాం పేరు, వాళ్ళ కుక్క పేరు. కుక్క పేరు రావడానికి కొంచెం ఆలస్యమైతే నడక ఆపేసి బెదురు చూపులు చూసింది. పేరు దొరికాక మళ్ళీ నడిచింది. గెర్లిండె పక్కన నడుస్తూ తనకి తాను సర్దిచెప్పుకుంటోంది. ఇదంతా ఆవిడ మంచికే కదా, ఆ ఆదివారం తను ఇంట్లో లేకపోతే ఏమయ్యేది, ఆశ్రమంలో వేళకి తిండి ఉంటుంది, పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ కలిపినా ఈ ముసలి మనిషి కుక్క పేరు కోసం వీధిలో నిలబడిపోవడానికి జవాబు కాలేకపోయాయి. గట్టు మీద నిలబడి, మిగిలిన ఆ ఒక్క తలనీ చేత్తో పట్టుకుని నీళ్ళలోకి తోసింది తనే.

టౌన్ హాలు ముందు బస్సుల్లో వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. చెట్ల నిండా గుండె ఆకారంలో ఎర్ర దీపాలు. "ఇంత అసహ్యంగా ఉంటుందని తెలిస్తే ముందే వచ్చేదాన్ని" అంది హెర్మీనె, ఆ దీపాల్ని ముచ్చటగా చూస్తూ.

"హెర్మీనె" అంది గెర్లిండె. ఆ పేరు నోట్లో కొత్తగా ఉంది. "నువ్వు ఏదీ మర్చిపోలేదు. రెండో మంట లేదు."

"అంటే?"

"జరిగింది ఒక్కసారే. డాగ్మార్‌కి ఫోన్ చేసింది నేను. తను నవ్వేస్తే రెండోసారని నేనే అన్నాను. అబద్ధం చెప్పాను."

హెర్మీనె కదల్లేదు. ఎవరో పిల్లాడు ఆవిడకి తగిలి, క్షమించమని వెళ్ళిపోయాడు.

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"ఇంకెప్పుడూ ఏమీ కాలేదు? స్టవ్వు? పంపు?"

"ఏమీ కాలేదు. రోజూ రాత్రి నీ తలుపు దగ్గర వాసన చూసి పడుకునేది నేనే కదా, నాకు తెలీదా? భయంతో చూసి చూసి అలిసిపోయాను."

హెర్మీనె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది గెర్లిండె. చేతులు తీశాక చూస్తే నవ్వుతోంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "మర్చిపోవడమేంటి? జరగలేదు కాబట్టి గుర్తు లేదు" అని రెండుసార్లు పైకే అనుకుంది. నిట్టూర్చి, నడుం నిటారుగా చేసుకుని, నాటకశాల రోజుల్లో ఎలా ఉండేదో అలా నిలబడింది. "రేపు డాగ్మార్‌కి నేనే ఫోన్ చేస్తాను. కింది వాటా ఆవిడకి కూడా ఓ మాట చెప్పుకోవాలి." తర్వాత గెర్లిండె వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని గెర్లిండెకి అనిపించింది.

"అలిసిపోయానని నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది" అంది హెర్మీనె.

"తప్పయిపోయింది. నన్ను..."

ముసలావిడ చెయ్యి చాచి, గెర్లిండె మెడ దగ్గర జారిన మఫ్లరుని సరిచేసి, కోటు పై గుండీ పెట్టింది. ఆ వేళ్ళు తగిలేసరికి గెర్లిండె గుండెల్లో భారం దిగినట్టయింది. క్షమించేసిందనుకుంది.

"ఇక ఇంటికి వెళ్దామా, హాస్లింగర్ గారూ? మీకు చలేస్తున్నట్టుంది" అన్నారు పొకోర్నీ గారు.

ఆవిడ గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. గెర్లిండె కోటు పై గుండీని ఒకసారి తడుముకుంది.

"వస్తున్నానండీ" అంది.