తొమ్మిదో దెబ్బ

టర్కీలో మా ఊరు ఓదెమిష్‌లో పెళ్ళంటే షుక్రూ బాబాయ్ డోలు మోగి తీరాల్సిందే. నడుం వంగినా ఆయన భుజం మీంచి ఆ పెద్ద డోలు దిగలేదు. ఒక్క జెయ్‌బెక్ నాట్యానికి మాత్రం వాయించనని ముప్పై ఏళ్ళుగా మొండికేశాడు. మా వైపు ఆ ఆట లేని పెళ్ళి ఉప్పు లేని కూరే. అయినా ఎవరూ ఆయన్ని బలవంతపెట్టలేదు, కారణం ఊరందరికీ తెలుసు.

జెయ్‌బెక్‌కి తొమ్మిది దెబ్బలు. ఎనిమిదింటికి ఆటగాడు చేతులు చాచి నిదానంగా అడుగులేస్తాడు, తొమ్మిదోదానికి మోకాలు నేలకి ఆనిస్తాడు. అది ఆనేదాకా, ఎంతసేపైనా సరే, డోలు వాడు కర్ర ఎత్తి పట్టుకుని ఆగాలి. షుక్రూ వాళ్ళన్న నజ్మీ ఆ మోకాలిని గాల్లో నిలిపి జనాన్ని ఉడికించేవాడు. ఒక పెళ్ళిలో అన్నని ఆటపట్టిద్దామని షుక్రూ ముందే కొట్టేశాడు. జనం ఘొల్లుమన్నారు. నజ్మీ మోకాలు దించకుండానే ఆట మధ్యలోంచి వెళ్ళిపోయాడు. తమ్ముడితో మళ్ళీ మాట్లాడలేదు. ఆ చలికాలంలోనే చనిపోయాడు.

ఇదంతా తెలిసి కూడా మా బృందంలో పియానో వాయించే తులాయ్ ఆ తొమ్మిది దెబ్బల మీద జాజ్ కట్టి, ఆయన్ని పిలిచింది. విచిత్రంగా ఆయన ఒప్పుకున్నాడు. బాస్ గిటార్ వాయించే నాకు మాత్రం మొదట్నుంచీ చిరాకే. సాధనలో ప్రతిసారీ తొమ్మిదో దెబ్బ ఆలస్యం.

"లెక్కపెట్టడం రాదా బాబాయ్ నీకు?" అన్నాను ఒకరోజు.

"నువ్వు పెట్టుకోరా లెక్క. నేను చూసి కొడతాను."

"ఎవర్ని చూసి?"

పియానో ముందున్న ఖాళీ నేలకేసి గడ్డం చూపించాడు. "అన్నని. ఇక్కడ మీరు తరుముతుంటే కొట్టేస్తున్నా. కచేరీలో మాత్రం ఆగుతాను. ఒక్కసారి వాడు మోకాలు దించితే చాలు నాకు. అందుకేగా వచ్చాను."

కచేరీ ఆదివారం మధ్యాహ్నం, ఓదెమిష్‌లోనే. చివరి ఆవర్తంలో ఎనిమిది దెబ్బలయ్యాయి. షుక్రూ కర్ర ఎత్తి ఆగాడు. శాక్సఫోన్ వాడికి ఊపిరి అయిపోయింది. తులాయ్ చేతులు పైకి తీసేసింది. ఆనాటి పెళ్ళి చూసిన ముసలాళ్ళు ముందు వరసలో కూర్చుని, మా ముందున్న ఖాళీ నేలకేసే చూస్తున్నారు. నాకు నిజంగా భయమేసింది. చాలాసేపటికి షుక్రూ కర్రని డోలుకి తగలకుండా కిందికి దించేశాడు. అదే ముగింపనుకుని వెనక కుర్రకారు చప్పట్లు కొట్టారు. ముసలాళ్ళు కొట్టలేదు.

తెర వెనక డోలు విప్పుతూ ఆయన నాతో అన్నాడు: "వచ్చాడురా. అంతసేపూ ఒంటికాలి మీదే నిలబడ్డాడు. దించలేదు."

ఆ మరుసటి వసంతానికి షుక్రూ బాబాయ్ కూడా పోయాడు. తులాయ్ ఆ పాటలోంచి తొమ్మిదో దెబ్బ తీసేసింది. ఎనిమిది కాగానే అందరం ఆగిపోతాం. ఆయనకి లెక్క రాదని ఎగతాళి చేసిన నేను, అక్కడికొచ్చేసరికి ఏ ఊళ్ళోనైనా ఆ ఖాళీ నేలకేసి చూస్తాను. నజ్మీ ఇంకా మోకాలు దించలేదు.