సగం చదివిన కథ

కొత్త పుస్తకాల కట్ట విప్పితే వచ్చే సిరా వాసనకు నాకు కొండగట్టు జాతర యాదికొస్తది. నా చిన్నప్పుడు మా బాపు తను రాసిన దొంగకోతి కథను కరీంనగర్‌ల తనే అచ్చేయించి, జాతరల చాప పరిచి అమ్మకానికి పెట్టిండు. పొద్దెక్కినా ఒక్కరూ కొనలే. బాపు మొఖం చిన్నబోయింది.

నేను పొద్దుపోక, పక్కన కూసున్న ముసలామెకు ఆ కథ చెప్పవట్టిన. చుట్టూ జనం చేరిన్రు. కోతి బావిల పడంగనే ఆగిన.

"తర్వాతేమైంది బిడ్డా?" అన్నది ముసలామె.

"నాకు తెల్వదు. గంతదాకనే చదివిన."

ఆమె నవ్వి, మనవడితోని చదివించుకుంటనని ఒక పుస్తకం కొన్నది. ఆమె వెనక ఇంకొందరు కొన్నరు.

"పుస్తకాలన్నీ అమ్ముడుపోయేదాక మిగతాది చదవకు బిడ్డా" అని నవ్విండు బాపు.

సగమే చదివినందుకు శిక్ష వేసిండనుకొని ఏడ్చిన. బాపు ఎందుకు నవ్విండో పెద్దయినంక గానీ సమజ్ కాలే.