రెండు పాటలకు ఒక డాక్టరమ్మ

రాష్ట్రం విడిపోయిన ఐదో ఏట, ఎండాకాలం చివర్లో, నన్ను జమ్మలమడుగుకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. పశువుల డాక్టర్లలో అది మధ్య మెట్టు. కింద మండలాల డాక్టర్లుంటారు, పైన జిల్లాకు జాయింట్ డైరెక్టరుంటారు. సూది పట్టే పని తగ్గి సంతకాలు పెట్టే పని పెరుగుతుంది. పుట్టి పెరిగిన ఊరికే అధికారిగా రావడం నాకు మహా గొప్పగా ఉండింది, దాచడమెందుకు? మా నాయన అక్కడి మిషన్ బడిలో అయ్యవారు. చిన్నప్పటి నుంచి చర్చిలో వాక్యం చదివి చదివి, మైకు లేకపోయినా నా గొంతు వెనక వరసదాకా వినపడేది.

మా సీమలో జీవాలంటే గొర్రెలూ మేకలే. వాటికి తొలకరి గండం. ఎండాకాలమంతా మోళ్ళు కొరికిన జీవం లేత పచ్చిక కనబడగానే ఆబగా మింగుతుంది. పేగుల్లో ఉన్న క్రిమి ఆ పచ్చిమేతతో విపరీతంగా పెరిగి విషం పుట్టిస్తుంది. పొద్దున గంతులేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్ళు కొట్టుకుని చచ్చిపోతుంది. చిటికెలో ప్రాణం పోతుంది కనుక దాన్ని చిటుక రోగమంటారు. వానలకు ముందే టీకా వేయాలి. అది ఒంటబట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల వాన పడితే మేపే పద్ధతే కాపాడాలి.

ఆ పద్ధతి చెప్పడమెలాగన్నదే చిక్కు. కాపరులు చీకటితో కొండకు పోయి మునిమాపుకు దిగుతారు. కొండ మీద ఫోనుకు సిగ్నలుండదు. కరపత్రాలు పంచితే బీడీ ముట్టించుకోవడానికి పనికొచ్చాయి. అయితే ప్రతివాడి భుజానా ఒక పాటల డబ్బా వేలాడుతుండేది. అరచేతి వెడల్పు స్పీకరు, అందులో మెమరీ కార్డు, కార్డు నిండా ఎంపీత్రీ పాటలు. అన్నం మూటైనా మరిచిపోతారు గానీ డబ్బాను మరవరు. ఒకరోజు టీకాల క్యాంపులో నాలుగు డబ్బాలు ఒకేసారి నాలుగు పాటలు పాడుతుంటే చెవులు మూసుకున్నాను. అప్పుడే తట్టింది. ఈ పాటల మధ్యలో నేనెందుకు దూరకూడదు?

మొదటిసారి నా ఫోన్లో మాట్లాడి కార్డుకు ఎక్కిస్తే డబ్బా కిక్కురుమనలేదు. ఫోను దాచుకునే ఫైలు వేరే రకం, ఆ డబ్బాకు తెలిసింది ఎంపీత్రీ ఒక్కటే. చెవికి పెద్దగా తెలియని శబ్దాలను తీసేసి, పాటను చిన్న ఫైలుగా మార్చే పాత పద్ధతి అది. అందులోకి మార్చాను. రెండోసారి పలికింది గానీ పాటలన్నీ అయిపోయాక నా మాటలన్నీ కుప్పగా వచ్చాయి. "కడాకు వరసబెట్టి నువ్వే మాట్లాడ్తాండావమ్మా, ఆపేసినాం" అన్నారు మొహమాటం లేకుండా. నేను ఫైళ్ళకు వరస నంబర్లిచ్చాను, డబ్బా వాటిని లెక్కచేయదు. ఏది ముందు కార్డులోకి ఎక్కితే అదే ముందు పాడుతుంది. అది పట్టుకున్నాక రెండు పాటలు ఎక్కించి నా మాట ఒకటి, మళ్ళీ రెండు పాటలు, అలా పేర్చాను. ప్రొద్దుటూరులో కార్డులకు పాటలెక్కించే మహబూబ్ బాషా ఆ పని నెత్తిన వేసుకున్నాడు. కాపరి కొట్లోకి రాగానే "రెండు పాటలకు ఒక డాక్టరమ్మ! కావల్లనా మామా?" అని కేకేసేవాడు. కావాలనేవాళ్ళే ఎక్కువ.

ఆ మాటల్లో ముఖ్యమైనది ఇది: "తొలకరి పచ్చిక మీదికి జీవాల్ని మబ్బునే తోలొద్దండప్పా. రొప్పంలోనే ఇంత ఎండుమేత పెట్టి, పొద్దెక్కి తడి ఆరినాంక తోలుకోండి." రొప్పమంటే జీవాలను రాత్రిపూట ఉంచే ముళ్ళకంచె దొడ్డి. మబ్బునే అంటే మా వైపు తెల్లవారకముందు, చీకటితోనే అని. ఈ సంగతి కడప జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పులివెందులలో సమీక్ష సమావేశం పెట్టారు. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారిది కోస్తా. రైతుల ఫోన్లకు సలహాలు పంపే కొత్త యాప్ ఆయన చేతుల మీద నడుస్తోంది. నా డబ్బాల సంగతి విని, "ఎంపీత్రీనా? ఇంకా ఎవరు వింటున్నారండీ ఆ కాలంనాటి సరుకు?" అన్నారు. గదంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మీ యాప్ కొండ మీద తెరుచుకున్న రోజున నా డబ్బాలు నేనే ఆపేస్తానండీ అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నవ్వేసి, నా మాటలను యాప్‌లో కూడా పెడతామని రికార్డింగులు అడిగారు. పంపాను. వాటిని విని, పుస్తకాల తెలుగులోకి మార్చి రాయించి పెట్టించారు.

ఆ ఏడు టీకా మందు ఆలస్యంగా వచ్చింది. కొండాపురం వైపు మందలకు సూది వేసిన వారంలోపే మంచి వాన పడింది. పచ్చిక మొలిచింది. టీకా ఇంకా ఒంటబట్టలేదు.

అలాంటి ఒక ఉదయం ఓబులేసు ఫోన్ చేశాడు. గండికోట జలాశయం ముంపులో ఊరు పోగా కొండాపురం దగ్గర కాలనీకి లేచొచ్చిన కాపరి. భూమి నీళ్ళ కిందికి పోయాక ఆ కుటుంబానికి మిగిలిన ఆధారం ఆ మందే.

"డాక్టరమ్మా, ఏందిది? కోడలి ఫోన్లో మబ్బు పట్టినప్పుడు తోలొద్దని వచ్చినాది. డబ్బాలో నువ్వేమో మబ్బునే తోలొద్దంటాండావు. నిన్నంతా మబ్బు పట్టుండాదని ఇడవలే. జీవాలు ఆకలికి అరుస్తాండాయి. ఇప్పుడు ఎండొచ్చినాది, ఇడ్సేదా? యాది నమ్మల్ల?"

ఆ పై అధికారి మబ్బునే అన్న మాట విని, మేఘం అనుకున్నారు. 'ఆకాశం మేఘావృతమై ఉన్నప్పుడు జీవాలను మేతకు తోలరాదు' అని యాప్‌కు ఎక్కించారు. వానాకాలంలో మబ్బు పట్టని రోజేది? పగలంతా ఆకలితో మాడ్చి, ఎండ రాగానే లేత పచ్చిక మీదికి వదలడమంటే చిటుక రోగాన్ని పిలిచి పీట వేయడమే.

"ఓబులేసప్పా, తడిక తీయొద్దు! ముందు శెనక్కట్టె వెయ్యి. కడుపులో ఎండుది పడినాంకనే ఇడువు. నేనొస్తాండా" అని చెప్పి జీపెక్కాను.

పోయేసరికి మంద రొప్పం వాకిలి తడికను తోసుకుంటోంది. ఓబులేసు, అతని భార్య దానికి వీపులానించి నిలబడి ఉన్నారు. కోడలు శెనక్కట్టె, అంటే ఎండిన వేరుశనగ తీగల మోపులు తెచ్చి లోపలికి విసురుతోంది. నేనూ చీర కుచ్చిళ్ళు దోపుకుని మోపులు అందుకున్నాను. జీవాలు తిని, నీళ్ళు తాగి, నెమరుకు కూర్చున్నాయి. అప్పుడు గానీ తడిక తీయనివ్వలేదు. పచ్చిక మీద ఆ రోజు కాసేపే మేపించి వెనక్కు తోలించాను. మర్నాడూ అంతే. మందలో ఒక్క జీవమూ పోలేదు.

అక్కడి నుంచే పై అధికారికి ఫోన్ చేసి మబ్బుకు మా అర్థం చెప్పాను. ఆయన హడలిపోయి, అయ్యో అన్నారు. కానీ యాప్‌లో ఒక వాక్యం మార్చాలంటే రాజధానిలో అనుమతి కావాలట, దానికి పద్ధతుందట. నా దగ్గర ఏ పద్ధతీ లేదు. కాలనీ గోడ నీడలో నిలబడి, "ఫోన్లో వచ్చినాది తప్పు. మబ్బంటే తెల్లారకముందు చీకటి, అంతే" అని రికార్డు చేశాను. ఎంపీత్రీగా మార్చి బాషాకు పంపాను. అతను ఆ మాటనే అన్నిటికన్నా ముందు ఎక్కించి, అంతకుముందు తీసుకున్నవాళ్ళనూ పిలిచి కార్డులు మార్చాడు. మా సిబ్బంది కార్డులు పట్టుకుని ఊరూరూ తిరిగారు. ఒక కాపరి కార్డు ఇంకో కాపరి డబ్బాలోకి పోయింది. తొండూరు అవతలి కొండలకు మేము పోకముందే నా గొంతు పోయి ఉండింది! యాప్‌లో వాక్యం కూడా దిద్దారు. అప్పటికి పచ్చిక ముదిరిపోయింది.

తర్వాతి సమావేశంలో ఆ అధికారే లేచి, డబ్బాలు కొనసాగించాలని అందరి ముందూ చెప్పారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నేను తలెత్తుకుని బయటికొచ్చాను. ముప్పై ఏళ్ళ పైబడిన సర్వీసులో నాకు శాలువాలు కప్పినవారున్నారు గానీ, నేను గర్వంగా చెప్పుకునేది ఆ పాత ఫైళ్ళ సంగతే.

ఆ ఏడు నేను నేర్చుకున్నది చిన్నది. రైతుకు మాట చేరాలంటే ముందు అతని చేతిలో ఏ డబ్బా ఉందో చూడాలి, తర్వాత అతని నోట ఏ మాట ఉందో వినాలి. కొత్త యంత్రం కొనాలా వద్దా అన్నది ఆ రెండూ అయ్యాక ఆలోచించవచ్చు. అప్పటిదాకా జీవాలు ఆగవు.